నా బిడ్డకు రావలసిన ఎత్తు

ముందు పోయినవి లెక్కపెడతాను. నా బిడ్డకు తొమ్మిదేళ్లు నిండేనాటికి తోటి పిల్లల కంటే ఒక అడుగు తక్కువ ఉంది. అంటే ఒక అడుగు ఎత్తు పోయింది. వచ్చే ఏడాది విప్పుదామని నేను గౌన్ల అంచులో మడిచి కుట్టిన గుడ్డ, నాలుగు దసరాలది, విప్పకుండానే పోయింది. తల్లీబిడ్డలు కొత్తకోటలో, నేను దేవరకొండలో, ఒక్క సంసారం రెండు పొయ్యిల మీద వండుకున్న ఏడాది పోయింది. కాళ్లు పెడలుకు అందక గోడకు ఆనించిన సైకిలు అక్కడే తుప్పు పట్టి పోయింది. ఎనిమిదేళ్ల పిల్లను చూసి బస్సులో కండక్టర్ "చిన్నపిల్లే కదా" అని టికెట్ అడగకుండా ముందుకు పోయేవాడు. చూసేవాళ్లకు అది లాభం. నేను దాన్ని కూడా పోయినవాటిలోనే వేస్తాను. ఆ మాట విన్న ప్రతిసారీ పిల్ల కిటికీలోంచి బయటికి చూసేది.

ఎత్తు ఒక్కటే మా ఇంట్లో అసలు సంగతి. పిల్ల పెరుగుతుందా, పెరిగే కాలం ముగిసేలోపు ఎంత పెరుగుతుంది, ఇంతే. దీనికి ఎంత ఖర్చయిందని చాలామంది అడుగుతారు. అది నేను మోశాను, ఆ లెక్క నాకు తెలుసు, ఇక్కడ రాయను.

నేను దర్జీని. మా తాతలది కొల్లాపూర్. అక్కడి సంస్థానం దొరల ఇంటికి బట్టలు కుట్టినవాళ్లు. నాయిన బతుకుతెరువుకు దేవరకొండ వచ్చి కోట గుట్ట కింద మిషన్ పెట్టుకున్నాడు. నేను ఏడో తరగతి దాటలేదు. లెక్కలు నాకు కటింగ్ బల్ల మీద వచ్చాయి. గొడుగులా తిరిగే గౌను కోయాలంటే నడుము కొలతను ఆరుంపావుతో భాగించి, అంత దారం పట్టుకుని సుద్దతో గుండ్రం గీయాలి. ఇది ఎవరూ చెప్పలేదు. పాత పేపర్లు కత్తిరించి కత్తిరించి నేనే పట్టుకున్నాను. చాలా ఏళ్ల తరువాత నా బిడ్డ తన లెక్కల పుస్తకం తెచ్చి, "బాపూ, నీ ఆరుంపావు గీడ ఉన్నది. దీనికి పేరు గూడ ఉన్నది, టూ పై," అని చూపించినప్పుడు, తప్పిపోయిన బంధువు దొరికినంత సంబరపడ్డాను.

పెరిగే పిల్లల బట్టలు కుట్టడంలో మాకు ఒక పద్ధతి ఉంది. గౌనుకైనా లంగాకైనా కింద రెండంగుళాల గుడ్డ లోపలికి మడిచి కుడతాం. మరుసటి దసరాకు ఆ కుట్టు విప్పి దించుతాం. మడత లోపల ఎండ తగలని గుడ్డ కొత్తదానిలా ఉంటుంది, పైది వెలిసి ఉంటుంది. అందుకే విప్పిన గౌను కింద ముదురు రంగు పట్టీ ఒకటి కనిపిస్తుంది. మా వాడకట్టులో ఆడవాళ్లు ఆ పట్టీని చూసే పిల్లల ఎదుగుదల చెప్పుకుంటారు. "మీదాని గౌనుకు రెండు పట్టీలు పడ్డయి గదనే," అంటే ఆ తల్లికి పండుగ.

తెలంగాణ వచ్చిన ఏడాది నా బిడ్డ ఒకటో తరగతిలో చేరింది. ఆ దసరాకు కుట్టిన గులాబీరంగు గౌను మరుసటి దసరాకు సరిగ్గా సరిపోయింది. ఆ మరుసటి దసరాకూ దాదాపు సరిపోయింది. ముందు నేను నా టేపును అనుమానించాను. గుడ్డ టేపులు వాడగా వాడగా సాగుతాయి, సాగిన టేపు కొలత తక్కువ చూపిస్తుంది. కొత్త టేపు కొన్నాను. కొత్త టేపు కూడా అదే మాట చెప్పింది.

అప్పుడు మేమందరం నీళ్లను పట్టుకున్నాం. నల్గొండ జిల్లాలో పుట్టినవాళ్లకు ఇది విడమరిచి చెప్పనక్కరలేదు. ఇక్కడ మోకాళ్లు వంగినా, నడుము పట్టినా, పండ్లు పచ్చబడినా ఫ్లోరైడు నీళ్ల పనే. తరతరాలుగా ఆ నీళ్లు మమ్మల్ని ఎంత వంచాయంటే, ఇక ఏ కీడు వచ్చినా మాకు వేరే దోషి గుర్తుకు రాడు.

"నీళ్లే రా," అంది మా అమ్మ. "మన బోర్ల నీళ్లు తాగి గింజ మొలకెత్తుతలేదు, పిల్ల ఏడ పెరుగుతది?"

ఇంటింటికీ నల్లా వచ్చింది. కృష్ణ నీళ్లు తాగాం. పిల్ల పెరగలేదు. మా అమ్మ దానికీ జవాబు చెప్పింది. "నల్లా మొన్న వచ్చె. పిల్ల ఒంట్ల, బొక్కలల్ల పాత నీళ్లున్నయి."

నా భార్య నాకు మేనమామ బిడ్డ. మా అమ్మే తన అన్న ఇంటికి కొత్తకోట పోయి, పసుపు కుంకుమ పెట్టి, సంబంధం కలుపుకుని వచ్చింది. భార్య ఒకరోజు మిషన్ ఆపి నా వైపు తిరిగింది.

"బావా, దీన్ని మా కొత్తకోటకు తోల్కపోత. మా బావి నీళ్లు కొబ్బరి నీళ్ల లెక్క ఉంటయి. ఒక్క ఏడాది సూద్దం. పెరిగిందంటే ఆన్నే ఉంటం. నువ్వు మిషన్ ఎత్కొని రా."

"గిరాకి ఈడ ఉన్నదే."

"గిరాకి ఎత్తు పెరుగుతదా? బిడ్డ పెరగాలె గాని."

పోయారు. పిల్లను అక్కడి బడిలో వేశారు. నేను వీలైనప్పుడల్లా రెండు బస్సులు మారి, జేబులో టేపు పెట్టుకుని పోయేవాణ్ని. మా మామ నన్ను చూడగానే నవ్వేవాడు. "వచ్చిండు సర్వేయరు. అల్లుడు బిడ్డను చూడనీకె వస్తడా, జాగ కొలవనీకె వస్తడా?" ఏడాది గడిచిన రోజు పిల్లను గోడకు ఆనించి, తల మీద పెద్ద స్కేలు అడ్డం పెట్టి కొలిచాను. ఒక అంగుళం కూడా పెరగలేదు. పిల్ల అలాగే గోడకు ఆనుకుని, "మల్ల కొలువు బాపూ. నేను ఊపిరి పట్టలేదు ఇందాక," అంది. మళ్లీ కొలిచాను.

ఆ సాయంత్రం నా భార్య అన్న మాట వల్లనే మా దారి మారింది. "మీ నీళ్లు ఓడినయి, మా నీళ్లు ఓడినయి. నీళ్లయితే వాడకట్టు పిల్లలందరికి గిట్లనే కావాలె గద బావా? వాళ్లు తాటి మొలకల లెక్క లేస్తున్రు. దీని పండ్లు సూడు, మల్లెమొగ్గల లెక్క ఉన్నయి. కాళ్లు సూడు, నీ స్కేలు లెక్క సక్కగున్నయి. నీళ్లు పట్టుకున్న మనిషి గిట్లుంటడా? మనం తప్పు జాగల దేవులాడుతున్నం."

దేవరకొండ తిరిగి వచ్చాం. మా దుకాణానికి రెండు తలుపుల అవతల మందుల దుకాణం నడిపే ముస్లిం స్నేహితుడు ఒకాయన ఉన్నాడు. నేను భాయ్ అంటాను, ఆయన నన్ను ఉస్తాద్ అంటాడు. "ఇన్నేండ్లు నీళ్లను కోర్టుల నిలబెట్టినవ్ ఉస్తాద్. జర డాక్టర్‌ను గూడ అడుగు," అని ఊళ్లోని దవాఖానకు తోలుకుపోయాడు. అక్కడి డాక్టర్ పిల్లను చూసి, ఇది ఇక్కడ తేలేది కాదని హైదరాబాద్‌లో పిల్లల ఎదుగుదల చూసే పెద్ద డాక్టరమ్మ దగ్గరికి చీటీ రాసిచ్చాడు.

డాక్టరమ్మ ముందు పిల్ల ఎడమ చేతికి ఎక్స్‌రే తీయించింది. ఎత్తు పెరగని పిల్లకు చేతి ఫోటో ఎందుకని నాకు అనుమానం. ఆమె ఫోటోను వెలుతురుకు పెట్టి వేళ్ల కణుపుల దగ్గర నల్లటి సందులు చూపించింది.

"ఎముక పెరిగేది ఈ సందుల దగ్గరే. ఇవి మూసుకుపోతే పెరుగుదల ఆగిపోతుంది. పాపకు తొమ్మిదేళ్లు. ఎముకల వయసు నాలుగున్నర."

మనసులో పోయినవాటికి నాలుగున్నర ఏళ్లు కలిపాను. సగం వయసు కూడా పోయిందా?

"భయపడకండి, ఇది మంచి వార్త," అందామె. "సందులన్నీ తెరిచే ఉన్నాయి. ఇంకా సమయం ఉంది."

ఆ క్షణంలో నాకు మొదటిసారి లెక్క తిరగబడి కనిపించింది. నాలుగున్నర ఏళ్లు పోలేదు. పెట్టెలో మడతపెట్టిన గుడ్డలా అలాగే ఉన్నాయి.

మరో రోజు ఏదో మందు ఇచ్చి గంటల తరబడి విడతలు విడతలుగా రక్తం తీశారు. తల లోపల ఫోటో తీశారు. అప్పుడు చెప్పింది డాక్టరమ్మ. మెదడు కింద శనగగింజంత గ్రంథి ఒకటి ఉంటుంది. అందులోని కణాలు ఒక చిన్న ప్రోటీన్‌ను తయారు చేసి రక్తంలోకి వదులుతాయి. నూట తొంభై ఒక్క పూసలు గుచ్చిన దండ లాంటిది అది. దానికి ఎముకను కట్టడం రాదు, కండను పెంచడం రాదు. దాని పని కబురు చెప్పడమే. రక్తంలో పడి పోయి, కాలేయం తలుపు తట్టి "పెరగమను" అంటుంది. కాలేయం ఇంకో కబురు ఎముకలకు పంపుతుంది. నా బిడ్డ ఎముకలు బాగానే ఉన్నాయి, తిండి ఒంటబడుతోంది, నీళ్లు నిర్దోషులు. కబురు మాత్రం బయలుదేరడం లేదు.

"మరి ఎంత ఎత్తు కావాలి డాక్టరమ్మా? నా బిడ్డకు రావలసిందెంత?"

ఆమె మా ఇద్దరినీ గోడ దగ్గర నిలబెట్టి కొలిచింది. నేను నూట అరవై ఎనిమిది సెంటీమీటర్లు, నా భార్య నూట యాభై మూడు. "రెండూ కలపండి. ఆడపిల్ల కాబట్టి పదమూడు తీసేయండి. సగం చేయండి. కొంచెం అటూ ఇటూ కావచ్చు, కానీ అమ్మానాన్నల నుంచి రావలసింది సుమారుగా అదీ."

ఆమె కాగితం తీసేలోపే నా నోటికి జవాబు వచ్చేసింది. "నూట యాభై నాలుగు."

ఆ రోజు పిల్ల తొంభై ఎనిమిది ఉంది.

"అంటే నేను అమ్మకన్న ఒక్క సెంటీమీటరు ఎక్కువైతనా?" అని పిల్ల డాక్టరమ్మనే అడిగింది. డాక్టరమ్మ నవ్వి, "ఎంత వస్తుందో చూద్దాం. మనం ఆలస్యంగా బయలుదేరాం, గట్టిగా నడుద్దాం," అంది.

జీన్ పరీక్ష కాగితం కొన్ని వారాలకు వచ్చింది. మనిషి శరీరంలో ప్రతి కణంలోనూ దాదాపు మూడు వందల కోట్ల అక్షరాల రాత ఉంటుందట. ఇరవై మూడు జతల కట్టలుగా ఉంటుందట. పదిహేడో కట్టలో ఈ ప్రోటీన్‌ను ఎలా గుచ్చాలో రాసిన చిన్న ముక్క ఉంది. అది చాలా చిన్నది. డాక్టరమ్మ కాగితం మీద ఒక పొడుగు పట్టీ గీసి గళ్లుగా విభజించింది.

"కణం ముందు ఈ రాత మొత్తానికి నకలు తీస్తుంది. నకలులో పనికొచ్చే ముక్కలు ఉంటాయి, మధ్యలో అక్కరలేని ముక్కలు ఉంటాయి. అక్కరలేనివి కత్తిరించి తీసేసి, పనికొచ్చేవి ఒకదానికొకటి కలుపుతుంది. ఎక్కడ కత్తిరించాలో గుర్తు రాతలోనే ఉంటుంది. పాపకు ఆ గుర్తులో ఒక్క అక్షరం మారింది. దాంతో కణం తప్పు చోట కత్తిరిస్తోంది."

మిగతావి అర్థం కావడానికి నాకు ఏళ్లు పట్టింది. ఇది మాత్రం కూర్చున్న కుర్చీలోనే అర్థమైంది. సుద్ద గీత ఒక్క గింజంత పక్కకు జరిగితే, ఎంత మంచి కత్తెరైనా, ఎంత మంచి చెయ్యైనా, జాకెట్ చంక దగ్గర పట్టేస్తుంది. గుడ్డ తప్పు కాదు, మిషన్ తప్పు కాదు.

తరువాత చెప్పిన మాట బరువైనది. ఆ రాత ప్రతి మనిషిలో రెండు ప్రతులు ఉంటుంది, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. ఒకటి బాగుంటే చాలు, మనిషి పెరుగుతాడు. నాలో ఒకటి తప్పుంది, నా భార్యలో ఒకటి తప్పుంది. పిల్లకు రెండూ తప్పువే అందాయి. మేము దగ్గరి చుట్టాలమా అని అడిగింది. మేనరికం అని చెప్పాం. "నలుగురు పిల్లలు పుడితే ఒకరికి ఇలా కావచ్చు. అది లెక్క మాత్రమే, ఎవరి నేరమూ కాదు," అంది.

ఇంటికి వచ్చి మా అమ్మకు చెప్పాను. విన్నంతసేపూ ఆమె పక్క ముఖం చేసుకుంది. సంబంధం కలిపింది ఆమే కాబట్టి నేను మాటలు చాలా చూసి వాడాను. చివరికి ఆమె అడిగిన ప్రశ్న నేను అనుకున్నది కాదు.

"మా మేనత్త ఒకామె ఉండె. కొల్లాపూర్ల. నీకు ఎన్నడన్న చెప్పిన్నా?"

"లేదమ్మా."

"గింతే ఉండె." చెయ్యి బల్ల ఎత్తున పెట్టింది. "కటింగ్ బల్ల మీద కూసోబెడితే ఆన్నే కూసోని గుండీల కాజాలు కుట్టేది. దొరల శేర్వానీలకు ఆమె కాజాలే కావాలనేటోళ్లు. పెండ్లి గాలే. యాభై ఏండ్లు వచ్చినా సంత బోతే ఎవలన్న బెల్లం ముక్క చేతుల పెట్టేటోళ్లు, పిల్ల అనుకోని. మా తాత కిష్ట ఏటి కాడికి పోయి కావడితోని నీళ్లు తెచ్చి తాపిండు రా. నీళ్ల దోషమే అన్నరు గప్పుడు గూడ."

నా భార్య వంటింటి గుమ్మంలో నిలబడి వింటోంది. "అయితే అత్తా, అది మా ఇంటిదా మీ ఇంటిదా?" అంది, సగం ఎగతాళిగా.

"ఒక్క ఇల్లే గదే!" అంది మా అమ్మ. "నీకు తాత, వీనికి తాత, ఒక్కడే. పంచుకుంటే ఇద్దరికి వచ్చింది." కొంగు నడుముకు దోపుకుని, "ఆమెకు మందు లేకపాయె. దీనికి ఉన్నది. ఇగ ఏడ్చుడు ఎందుకు? సంబంధం కలిపింది నేను, యాళ్లకు మందు ఇప్పిచ్చేది గూడ నేనే," అంది. అన్నట్టే ఏడేళ్లు ఇప్పించింది. చుట్టాల్లో ఇంకెక్కడన్నా మేనరికం మాట వస్తే, బస్సెక్కి పోయి "ముందు నెత్తురు పరీక్ష, ఎనుక లగ్గం" అని చెప్పి వచ్చేది. ఒకరిద్దరు ఆమెతో మాట్లాడడం మానేశారు. ఆమె లెక్క చేయలేదు. మా అమ్మ గురించి రాసేటప్పుడు నా కలం కొంచెం నిటారుగా నడుస్తుంది.

ఆ ప్రోటీన్‌నే ఇప్పుడు బయట తయారు చేస్తారు. మనిషి రాతలోని ఆ ముక్కను సూక్ష్మజీవుల్లో పెట్టి, వాటి చేత ఆ దండ గుచ్చిస్తారు. పెన్ను ఆకారంలో వచ్చే ఇంజక్షన్, రోజూ సాయంత్రం అన్నం తిన్నాక. చల్లగా ఉంచాలి. మా ఇంట్లో అప్పట్లో ఫ్రిజ్ లేదు, భాయ్ దుకాణంలో ఉంది. పిల్ల రోజూ పోయి తెచ్చుకునేది. బడిలో పిల్లలు ఆమెను "గిద్దె" అనేవాళ్లు, గింజలు కొలిచే చిన్న కొలత పేరు, దాని పైవి సోల, తవ్వ, మానిక. భాయ్ ఆ పేరును పిల్లల చేతిలోంచి లాక్కుని తనదే చేసుకున్నాడు.

"ఏం గిద్దెమ్మా, ఇయ్యాల సోలెడు అయినవా?"

"ఇంక గాలే చాచా."

"ఫికర్ జేయకు బేటా. సోలెడయితవు, తవ్వెడయితవు, మానికెడయినంక నిన్ను ఎత్తనీకె నాకే చాతగాదు."

మొదటి ఇంజక్షన్ నా భార్య వేసింది. దవాఖానలో నిమ్మకాయ మీద నేర్పారు. ఏళ్ల తరబడి సూదితో బతికిన మనిషి, ఆ రోజు సూది పట్టుకుని చోటు వెతుకుతూ కూర్చుంది. పిల్లే తొడ మీది గౌను పైకి జరిపి, "అమ్మా, గట్ల సూస్తవేంది? కాజా కుట్టవడితివా? పొడువు," అంది. పొడిచింది. పదకొండో ఏడు వచ్చేసరికి పిల్ల తన ఇంజక్షన్ తనే వేసుకోవడం మొదలుపెట్టింది. మా అమ్మ వేళ అయిందంటే చాలు, ఒక్కరోజు కూడా రెండోసారి చెప్పించుకోలేదు.

మొదటి ఏడాది పన్నెండు సెంటీమీటర్లు పెరిగింది. నాలుగేళ్లలో రానిది ఒక్క ఏడాదిలో వచ్చింది. ఆ దసరాకు గౌను కుట్టు నేను విప్పలేదు. నా భార్య విప్పింది. ఎండ తగలని రెండంగుళాల పట్టీ వేసుకుని పిల్ల వాడకట్టంతా అవసరం లేకున్నా మూడుసార్లు తిరిగింది. ఎదురింటావిడ వంగి, పట్టీని వేళ్లతో పట్టి చూసి, "ఓయమ్మ! గిద్దె సోలెడాయెనా!" అని గట్టిగా అరిచింది. కటింగ్ బల్ల దగ్గర నాకు వినపడింది. చేతిలోని కత్తెర పక్కన పెట్టి గుమ్మంలోకి వచ్చాను.

తరువాత తొమ్మిది, తరువాత ఎనిమిది. మధ్యలో లాక్‌డౌన్ వచ్చింది. బస్సులు ఆగాయి, హైదరాబాద్ నుంచి మందు ఆగింది. రెండు నెలలు పైనే ఇంజక్షన్ లేదు. డాక్టరమ్మ ఫోన్‌లో ధైర్యం చెప్పింది, కానీ నేను రోజూ ఆ ఎక్స్‌రేలోని నల్ల సందుల గురించే ఆలోచించేవాణ్ని. అవి ఎవరి కోసమూ ఆగవు. చివరికి భాయ్ మందుల వ్యాన్ ఒకదానిలో డ్రైవర్ పక్కన కూర్చుని హైదరాబాద్ పోయి, ఐసు డబ్బా ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. దిగగానే, "గిద్దెమ్మ ఏది? పిలువు. ఐసు కరుగుతాంది, నేను గూడ కరుగుతున్న," అన్నాడు. ఆ దోస్తు నాకున్నాడని చెప్పుకోవడం నాకు గర్వమే.

పదో తరగతిలో అనువంశికత పాఠం ఉంటుంది. ఆ ఏడాది యూనిఫాం కొలతలు తీయడానికి నేను బడికి పోయాను. వరండాలో కొలతలు తీస్తుంటే లోపల నా బిడ్డ గొంతు వినిపించింది. టీచరమ్మ చెప్పమంటే బోర్డు దగ్గర నిలబడి చెబుతోంది. పొడుగు పట్టీ గీసి, గళ్లు పెట్టి, అక్షరం మారిన చోట చుక్క పెట్టింది.

"ఇది నాదే," అంది. "నా పదిహేడో క్రోమోజోమ్. గీడ తప్పు కట్ అయింది."

వెనక బెంచీ నుంచి ఒక పిల్ల, "అంటే నువ్వు కుట్టు తప్పిన జాకిటివానే?" అంది. తరగతంతా నవ్వింది.

"కుట్టు తప్పితే మా బాపు విప్పి మల్ల కుడతడు," అంది నా బిడ్డ. "ఇది కటింగ్. కటింగ్ తప్పితే విప్పనీకె రాదు. పక్కకెళ్లి గుడ్డ తెచ్చి అతుకు పెట్టాలె. నేను రోజు సాయంత్రం అతుకు పెట్టుకుంట. సూస్తవా?" అని తొడ మీద తట్టింది. ఈసారి నవ్విన నవ్వు వేరు. నేను వరండాలో ఎవరి భుజం కొలుస్తున్నానో మరిచిపోయి, మళ్లీ మొదటి నుంచి కొలిచాను.

ఈ ఏడాది ఆమెకు పదహారు నిండాయి. కిందటి ఏడాది అంతా కలిపి పెరిగింది అర సెంటీమీటరు. కొన్ని నెలల కిందట హైదరాబాద్ పోయాం. డాక్టరమ్మ ఎడమ చేతి ఫోటో మళ్లీ వెలుతురుకు పెట్టింది. చెప్పకముందే నాకు కనిపించింది. నల్లటి సందులు లేవు. కణుపు దగ్గర ఎముక ఎముకతో కలిసిపోయి, ఒక సన్నని తెల్ల గీత మాత్రం మిగిలింది.

"మూసుకున్నాయి," అందామె. "ఎత్తు కోసం వేసే మోతాదు ఇక అవసరం లేదు. ఎముకల బలానికి, గుండెకు మాత్రం చిన్న మోతాదు సాగాలేమో పరీక్ష చేసి చెబుతాను."

"కానీ ఇంకా రావాలి కదా డాక్టరమ్మా," అన్నాను. నా గొంతు బేరమాడుతున్నట్టు నాకే వినిపించింది. "మీరు చెప్పిన లెక్కే. నూట యాభై నాలుగు."

నా బిడ్డే నా వైపు తిరిగింది.

"బాపూ, ఎవల్ని అడుగుతున్నవ్? డాక్టరమ్మ దాసిపెట్టుకున్నదా? తొంభై ఎనిమిదికెళ్లి ఏడిదాంక వచ్చిన్నో గది జెప్పు ముందుగాల."

"యాభై ఒకటిన్నర పెరిగినవు," అన్నాను.

"ఇంచులల్ల జెప్పు. నీ భాషల."

"ఇరవై అంగుళాల పైన."

"ఇరవై ఇంచుల గుడ్డ ఎవలన్న ఊరికె ఇస్తరా? అమ్మ పొడిచింది, అవ్వ యాళ్ల చూసింది, చాచా ఐసు మోసిండు, నేను నొప్పి పడ్డ. గది మనం కుట్టుకున్నది. గదాన్ని ఇడిసిపెట్టి, రానిది వట్టుకొని ఏడుస్తవేంది?"

డాక్టరమ్మ లేచి, పిల్ల భుజం మీద చెయ్యి వేసి, "ఇక్కడికి వచ్చే మిగతా పిల్లలతో ఒకసారి వచ్చి మాట్లాడతావా?" అని అడిగింది. "మాట్లాడుత," అంది నా బిడ్డ. తరువాతి నెల నుంచి కొత్తగా మందు మొదలుపెట్టే పిల్లలకు, వాళ్ల అమ్మలకు నిమ్మకాయ పట్టుకుని నేర్పుతోంది. అక్కడ కూర్చున్నవాళ్లలో అందరికంటే పొడుగు మనిషి నా బిడ్డే అనిపిస్తుంది నాకు, కుర్చీలో కూర్చున్నా, నిలబడినా.

ఆమె చెప్పింది ఒప్పుకున్నాను. ఏడవను. కానీ కొలిచేవాడిగా ఉన్నది ఉన్నట్టు చెప్పాలి, లెక్కలోంచి కొట్టివేయడం నాకు చేతకాదు. లాక్‌డౌన్‌లో ఆగినవి, నా అంచనాలో, రెండు సెంటీమీటర్లు. మిగతావి నీళ్ల మీద నేరం మోపుతూ మేము ఎదురుచూసిన ఏళ్లవి. అవి ఏ నల్లా నుంచీ, ఏ బావి నుంచీ ఇక రావు. ఈ ఉదయం కూడా గోడ దగ్గర నిలబెట్టి, స్కేలు అడ్డం పెట్టి కొలిచాను, నవ్వుతూనే నిలబడింది. నూట నలభై తొమ్మిదిన్నర. రావలసిన నూట యాభై నాలుగులో నా బిడ్డకు ఇంకా బాకీ ఉన్నది నాలుగున్నర సెంటీమీటర్లు.